9 శాతం పనిచేస్తున్న కిడ్నీ: తీసేయాలా వద్దా అని తేల్చిన రెండో స్కాన్

ఎడమ కిడ్నీ 9 శాతమే పనిచేస్తోందని రాసిన స్కాన్ రిపోర్టుతో ఒక యూరాలజిస్టు ఈ రోగిని విజయవాడలో మా న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి పంపారు. అంతకుముందు చూపించుకున్న చోట ఆ కిడ్నీ తీసేయాలని చెప్పేశారు. ఆ యూరాలజిస్టు నన్ను అడిగింది ఒకటే: లోపల నిలిచిన నీరు తీసేసి, ఇన్ఫెక్షన్ తగ్గించి మళ్లీ కొలిస్తే ఈ అంకె మారుతుందా? మారింది. మారడమే కాదు, కిడ్నీ తీయాల్సిన పనే లేకుండా పోయింది. ఇలాంటి రిపోర్టులు పట్టుకుని టెన్షన్‌తో తిరిగే కుటుంబాలు మా కృష్ణా, గుంటూరు, పల్నాడు వైపు చాలా ఉన్నాయి కాబట్టి ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. రోగి అనుమతి ఉంది. గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

రోగి సంగతి

38 ఏళ్ల మహిళ. సత్తెనపల్లి వైపు పల్లెటూరు. భర్త కౌలు రైతు. ఆమె సీజన్‌లో మిరపకాయ కోతలకు, కోతలు అయ్యాక గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పనికి వెళుతుంది. షుగర్ లేదు, బీపీ మామూలుగానే ఉంది. ఎడమ డొక్కలో నొప్పి రెండేళ్లుగా వచ్చి పోతోంది. నొప్పి లేచినప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకోవడం, మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కోవడం, మర్నాడు పనికి పోవడం. నీళ్లు ఎంత తాగుతావమ్మా అని అడిగితే, "తాగితే పోవాలి గదండీ, అక్కడ ఎక్కడికి పోతాం?" అంది. పొద్దున పనిలో కూర్చుంటే సాయంత్రం ఇంటికి వచ్చేదాకా దాదాపు నీళ్లు తాగదు. ఎండాకాలం కిడ్నీలో రాళ్లతో వచ్చే కూలి పని ఆడవాళ్లలో చాలామంది చెప్పే మాట ఇదే. కేసు షీట్‌లో ఇది రాయాల్సిన విషయం, కానీ ఎక్కువగా ఎవరూ రాయరు.

ఈసారి నొప్పితో పాటు చలి జ్వరం వచ్చింది. అల్ట్రాసౌండ్‌లో ఎడమ కిడ్నీ బాగా ఉబ్బి కనిపించింది. రంగు మందు ఎక్కించకుండా తీసిన సీటీలో, కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోటికి కాస్త కిందగా 14 మిల్లీమీటర్ల రాయి అడ్డంగా ఇరుక్కుని ఉంది. కిడ్నీ కండ 7 మిల్లీమీటర్లకు పలచబడింది. కుడి కిడ్నీ బాగానే ఉంది. ఇన్ఫెక్షన్‌కు గుర్తుగా రక్తంలో తెల్ల కణాలు 16 వేలు దాటాయి. జ్వరం ఇంకా తగ్గకముందే, అదే వారంలో డీటీపీఏ రీనల్ స్కాన్ చేయించారు. కొద్దిపాటి రేడియోధార్మిక మందును నరానికి ఎక్కించి, కిడ్నీల నుంచి వచ్చే కిరణాలను కెమెరాతో లెక్కపెట్టే పరీక్ష ఇది; ఆ లెక్కనే కౌంట్లు అంటాం. రెండు కిడ్నీలు చేసే మొత్తం పనిలో ఎడమ వాటా 9 శాతం, కుడి వాటా 91 శాతం అని వచ్చింది.

క్రియాటినిన్ ఎంతో చూస్తే 1.0. "క్రియాటినిన్ బాగానే ఉందన్నారు, మరి కిడ్నీ పోయిందంటారేంటి సార్?" అని భర్త అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. క్రియాటినిన్ రెండు కిడ్నీలూ కలిపి చేసే పని మొత్తాన్ని చెబుతుంది. ఒకటి మూలన పడితే రెండోది ఆ బరువు తలకెత్తుకుంటుంది, రక్త పరీక్ష దాదాపు మామూలుగానే వస్తుంది. అల్ట్రాసౌండ్, సీటీ ఆకారం చెబుతాయి, రాయి ఎక్కడుందో చెబుతాయి. ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో విడివిడిగా కొలవాలంటే మాత్రం రీనల్ స్కాన్ కావాలి.

ఆ 9 శాతం ఎలా వచ్చింది

మొదటి స్కాన్ తప్పుగా చేశారని నేను అనను. బొమ్మలు, గ్రాఫులు తెప్పించుకుని చూశాను. టెక్నిక్ పద్ధతిగానే ఉంది. ఆ రోజు ఆ కిడ్నీ నిజంగానే అంత తక్కువ పని చేస్తూ ఉండొచ్చు. చిక్కు ఎక్కడంటే, ఆ రోజు అంకెను శాశ్వతమైన అంకెగా చదవడంలో.

మూత్రం దిగే దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగాక కిడ్నీలోని రక్తనాళాలు కుంచించుకుపోయి, అక్కడికి వచ్చే రక్తమే తగ్గిపోతుంది. వడపోత పడిపోతుంది. దానికి తోడు చీము పట్టిందంటే కణాలు బతికి ఉండి కూడా పని ఆపేస్తాయి. ఇందులో కొంత తిరిగి వస్తుంది. ఎండిపోయి మచ్చ కట్టిన భాగం మాత్రం రాదు. అడ్డం, ఇన్ఫెక్షన్ రెండూ ఉన్న రోజున చేసిన స్కాన్ ఈ రెండింటినీ విడదీసి చెప్పలేదు.

భర్తకు నేను పొలం భాషలోనే చెప్పాను. మురుగు కాలవ పూడిపోయి చేలో నీళ్లు నిలిచినప్పుడు, పైరు చచ్చిందో వాడిందో గట్టు మీద నిలబడి చెప్పలేం, నీళ్లు తీసి కొన్నాళ్లు ఆగితేనే తెలుస్తుంది అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. "అయితే ముందు నీళ్లు తీయండి" అన్నాడు.

రెండో కారణం వాడిన మందు. డీటీపీఏ కేవలం వడపోత ద్వారా బయటికి పోయే మందు. రక్తం ఒకసారి కిడ్నీ గుండా వెళ్లినప్పుడు అందులోని మందులో దాదాపు 20 శాతం మాత్రమే పట్టుబడుతుంది. బాగున్న కిడ్నీకి అది చాలు. నీరసించిన కిడ్నీలో మాత్రం చుట్టూ ఉన్న రక్తం, కండ, ఎడమ వైపైతే ప్లీహం, వీటి నుంచి వచ్చే కౌంట్లలో కిడ్నీ కౌంట్లు కలిసిపోతాయి. ఈసీ అనే మందును నాళికల కణాలు తామే లాగి మూత్రంలోకి వదులుతాయి. అది డీటీపీఏ కంటే రెట్టింపుకు మించి పట్టుబడుతుంది. అందుకే పని తగ్గిన కిడ్నీ అనుకున్నప్పుడు నేను ఈసీ వైపే మొగ్గుతాను.

మూడోది లోతు లెక్క. డీటీపీఏతో జీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి చేసే వడపోత) లెక్క కట్టే గేట్స్ పద్ధతిలో, కిడ్నీ చర్మం నుంచి ఎంత లోతున ఉందో ఎత్తు, బరువును బట్టి ఒక ఫార్ములాతో అంచనా వేస్తారు. ఈ మందుల్లో కలిపే రేడియోధార్మిక మూలకం టెక్నీషియం. దాని గామా కిరణాల విషయంలో లోతు అంచనా ఒక్క సెంటీమీటరు తప్పితే కౌంట్లు సుమారు 14 శాతం మారతాయి. ఉబ్బిన కిడ్నీలో కండ అంతా సంచి అంచుల చుట్టూ పలచగా పరచుకుని ఉంటుంది, కొంత ముందుకు, కొంత వెనక్కి. కెమెరా వీపు వైపు ఉంటే ముందుకు జరిగిన కండ లెక్కలోకి సరిగా రాదు. ఫార్ములాకు ఈ సంగతి తెలియదు. ఉబ్బిన కిడ్నీలో గేట్స్ అంకెను దశాంశాలతో సహా నమ్మే రిపోర్టులు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ట్యూబు వేశాక

యూరాలజిస్టు అల్ట్రాసౌండ్ చూస్తూ వీపు వైపు నుంచి కిడ్నీలోకి ట్యూబు వేశారు. మబ్బుగా ఉన్న మూత్రం వచ్చింది. కల్చర్ పరీక్షలో ఈ.కోలై బ్యాక్టీరియా పెరిగింది, దానికి తగ్గ యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడో రోజుకు జ్వరం పోయింది. రెండో వారానికి ఆ ట్యూబు నుంచే రోజుకు 600 నుంచి 700 మిల్లీలీటర్ల తేట మూత్రం వస్తోంది. ఇది మంచి సూచనే, అయినా దీని మీద ఆధారపడి తీర్పు చెప్పకూడదు. దెబ్బతిన్న కిడ్నీ కూడా చిక్కదనం లేని నీళ్లలాంటి మూత్రాన్ని చాలానే వదలగలదు. ట్యూబు వేసిన ఆరు వారాలకు స్కాన్ పెట్టుకున్నాం. ఈ వ్యవధిని తగ్గించమని ఇంట్లోవాళ్లు అడిగారు, నేను ఒప్పుకోలేదు.

రెండో స్కాన్ రోజు

పరగడుపున వచ్చింది. పైగా ఏప్రిల్ ఎండలో, రెండు బస్సులు మారి, దారిలో చుక్క నీళ్లు తాగకుండా. మన దగ్గర ఏ పరీక్ష అన్నా పరగడుపునే అని జనం అనుకుంటారు. రీనల్ స్కాన్‌కు అది పూర్తిగా వ్యతిరేకం. టిఫిన్ తినొచ్చు, నీళ్లు తప్పకుండా తాగాలి. ఒంట్లో నీరు లేకపోతే బాగున్న కిడ్నీలో కూడా మందు నెమ్మదిగా కదులుతుంది, గ్రాఫు అడ్డం ఉన్నట్టు చూపిస్తుంది. ఆమెను నీడన కూర్చోబెట్టి ఇడ్లీ తినిపించి, అర లీటరుకు పైగా నీళ్లు తాగించి, గంట ఆగి, మూత్రానికి వెళ్లొచ్చాకే టేబుల్ ఎక్కించాం. గర్భం లేదని ముందే నిర్ధారించుకున్నాం.

చేతి నరానికి 5 మిల్లీక్యూరీల టెక్నీషియం ఈసీ ఇచ్చాం. కెమెరా వీపు వైపు. ఎక్కించే ముందు సిరంజిని, ఎక్కించాక ఖాళీ సిరంజిని కెమెరా కింద పెట్టి కొలవడం, ఇంజెక్షన్ వేసిన చోట మందు చర్మం కింద చేరలేదని ఒక చిన్న బొమ్మ తీసుకోవడం మా అలవాటు. ట్యూబును తెరిచే ఉంచాం. రాయి ఎలాగూ అడ్డం ఉందని తెలుసు, మాకు కావాల్సింది పనితనం మాత్రమే కాబట్టి మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే లాసిక్స్ మందు ఇవ్వలేదు. యూరిన్ బ్యాగ్‌ను మాత్రం కాళ్ల వైపు దూరంగా జరిపి పెట్టించాను. అది డొక్క పక్కనే వేలాడితే మందు అందులోకి దిగి, బొమ్మలో కిడ్నీ పక్కన ఇంకో నల్లటి మచ్చలా కనిపిస్తుంది, లెక్కను పాడుచేస్తుంది.

పని వాటా లెక్క కట్టేది ఇంజెక్షన్ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాల మధ్య కౌంట్లతో. మందు కిడ్నీ కండలోకి చేరి, ఇంకా కిందికి దిగని సమయం అది. అందుకే ట్యూబు తెరిచి ఉన్నా వాటా లెక్కకు ఇబ్బంది లేదు. బొమ్మలో కిడ్నీ చుట్టూ కంప్యూటర్ గీసిన హద్దులను తీసేసి నేనే చేత్తో గీశాను. ఎడమ వైపు పై భాగంలో ప్లీహం కలవకుండా, బ్యాక్‌గ్రౌండ్‌ను (లెక్కలోంచి తీసేయాల్సిన చుట్టుపక్కల కౌంట్లను) కిడ్నీ చుట్టూ అంచు వెంబడి తీసుకున్నాను. వేరే డాక్టరు చేత విడిగా ఇంకోసారి గీయించాను. ఆ డాక్టరుకు 24, నాకు 25 వచ్చింది. రిపోర్టులో 24 శాతం అని రాశాం.

అంకె ఇంతలా మారినప్పుడు ఒకే పరీక్ష మీద నిలబడటం నాకు ఇష్టం ఉండదు. వారం తర్వాత డీఎమ్ఎస్ఏ స్కాన్ చేశాం. ఈ మందు కిడ్నీ కండలోనే అతుక్కుని ఉండిపోతుంది, కిందికి దాదాపు దిగదు. ఇంజెక్షన్ ఇచ్చాక రెండు మూడు గంటలు ఆగి బొమ్మ తీస్తారు. వీపు వైపు, పొట్ట వైపు రెండు బొమ్మలు తీసి కలిపి లెక్క కడితే లోతు సమస్య చాలావరకు పోతుంది. అందులో ఎడమ 22 శాతం. బొమ్మ కూడా విషయం చెప్పింది: పై భాగంలో రెండు చోట్ల మందు పట్టని గుంటలు, అవి పాత ఇన్ఫెక్షన్ వదిలిన మచ్చలు. మధ్య భాగం, కింది భాగం అంచు మాత్రం తెగకుండా, పలచగా, సమంగా మందు పట్టి ఉంది. ఆ అంచే ఈ కిడ్నీని కాపాడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. శాతం అంటే వాటా, మొత్తం కాదు. కుడి కిడ్నీ దెబ్బతిన్నా ఎడమ వాటా పెరిగినట్టే కనిపిస్తుంది. కాబట్టి మొత్తం పనిని పక్కన పెట్టుకుని చూడాలి. మొదట క్రియాటినిన్ 1.0 ఉన్నప్పుడు ఆమె వయసుకు ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్‌ను బట్టి అంచనా కట్టే జీఎఫ్ఆర్) సుమారు 74. అందులో 9 శాతం అంటే ఎడమకు 7, కుడికి 67. రెండో స్కాన్ నాటికి క్రియాటినిన్ 0.9, ఈజీఎఫ్ఆర్ సుమారు 84. అందులో 24 శాతం అంటే ఎడమకు 20, కుడికి 64. రెండు వేర్వేరు పద్ధతుల అంకెలను కలిపిన మోటు లెక్కే ఇది, కానీ కుడి కిడ్నీ దాదాపు ఉన్నచోటే ఉందని, పెరిగింది ఎడమ కిడ్నీయేనని తేలడానికి సరిపోతుంది.

నిర్ణయం, ఆపరేషన్

10 శాతం కంటే తక్కువ పనిచేస్తూ, నొప్పి, ఇన్ఫెక్షన్ పెడుతున్న కిడ్నీని తీసేయడం గురించి ఆలోచించడం మామూలే. 24 శాతం ఉన్న కిడ్నీని, అదీ 38 ఏళ్ల మనిషిలో, రాళ్లు మళ్లీ రెండో వైపు కూడా రావచ్చని తెలిసీ తీసేయడం సరికాదు. యూరాలజిస్టుకు ఫోన్‌లో ఇదే చెప్పాను. ఆయనదీ అదే అభిప్రాయం. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ జరిగింది. లేజర్‌తో రాయి పగలగొట్టి, మూత్రనాళం మూసుకుపోకుండా లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెట్టి, వీపు ట్యూబు తీసేశారు. నెల తర్వాత స్టెంట్ కూడా తీశారు. రాయి పరీక్షలో కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది.

మూడో స్కాన్, దారి తెరుచుకుందా

స్టెంట్ తీసిన రెండు నెలలకు లాసిక్స్‌తో ఈసీ స్కాన్ చేశాం. స్టెంట్ లోపల ఉండగా ఈ పరీక్ష చేయకపోవడమే మేలు. స్టెంట్ గుండా మూత్రాశయం నుంచి మూత్రం పైకి కూడా ఎగదన్నుతుంది, కిడ్నీ ఖాళీ కానట్టు కనిపిస్తుంది. చేయక తప్పకపోతే మూత్రాశయంలో క్యాథెటర్ పెట్టి చేయాలి.

ఈసారి ఎడమ 29 శాతం. 24 నుంచి 29 అంటే కిడ్నీ ఇంకా మెరుగైందని నేను రాయలేదు. ఒకే మనిషికి రెండుసార్లు చేసినా నాలుగైదు శాతం తేడా రావచ్చు. 9 నుంచి 24 నిజమైన మార్పు, 24 నుంచి 29 నిలకడ. రిపోర్టులో అలాగే రాశాను.

చిక్కు డ్రైనేజీలో, అంటే మందు కిందికి దిగే తీరులో వచ్చింది. 20వ నిమిషంలో 40 మిల్లీగ్రాముల లాసిక్స్ ఇచ్చాక, ఎడమ కిడ్నీలో మందు సగానికి తగ్గడానికి 14 నిమిషాలు పట్టింది. 10 లోపు అయితే దారి బాగుందని, 20 దాటితే అడ్డం ఉందని సాధారణంగా అనుకుంటాం. 14 ఎటూ కాని అంకె. గ్రాఫు పైకి వెళ్లి, కాసేపు అలాగే నిలబడి, లాసిక్స్ తర్వాత నెమ్మదిగా దిగింది. ఇక్కడితో ఆపి రిపోర్టు రాస్తే "సందేహాస్పదం" అని రాయాలి, ఆ మాట పట్టుకుని ఆమె మళ్లీ ఆస్పత్రుల చుట్టూ తిరగాలి.

రెండేళ్లు సాగిపోయి ఉన్న సంచి అది. అడ్డం లేకపోయినా, వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు అందులో మూత్రం నిలుస్తుంది. కిడ్నీ పనే తక్కువైతే లాసిక్స్‌కు అది స్పందించేదీ తక్కువే. మూత్రాశయం నిండి ఉన్నా పై నుంచి దిగడం మందగిస్తుంది. అందుకని ఆమెను టేబుల్ దింపి, కారిడార్‌లో పది నిమిషాలు నడిపించి, మూత్రానికి వెళ్లి రమ్మని, మళ్లీ పడుకోబెట్టి ఒక్క నిమిషం బొమ్మ తీశాం. 20వ నిమిషంలో ఉన్న దానిలో 15 శాతమే మిగిలింది. కొత్తగా అడ్డం ఏమీ లేదని రాశాను. ఆ ఒక్క నిమిషం బొమ్మకు ఖర్చు లేదు, కొత్త ఇంజెక్షన్ లేదు. దాన్ని వదిలేసి సగం సమయం అంకె ఒక్కటే రాసి పంపడం రోగికి అన్యాయం.

ఆ రోజు ఆమె టేబుల్ మీద నుంచి లేస్తూ అడిగింది: "ఏమండీ, ఉన్నట్టేనా నా కిడ్నీ?" ఉందమ్మా, నీళ్లు తాగితే ఉంటుంది అన్నాను.

ఇంట్లోవాళ్ల ప్రశ్నలు

రేడియేషన్ గురించి ప్రతి స్కాన్‌కూ అడిగారు. ఇంటర్ చదివే కూతురు పక్కన కూర్చోవచ్చా అని కూడా. 5 మిల్లీక్యూరీల ఈసీకి ఒంటికి చేరే మోతాదు సుమారు ఒక మిల్లీసీవర్ట్. నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేదే 2.4 దాకా ఉంటుంది. టెక్నీషియం ఆరు గంటలకొకసారి సగమవుతుంది, మూత్రంలో ఇంకా త్వరగా పోతుంది. నీళ్లు బాగా తాగి తరచూ మూత్రానికి వెళ్లమని, ఆ రోజుకు చంటిపిల్లల్ని, గర్భిణుల్ని ఎక్కువ సేపు ఆనుకుని కూర్చోవద్దని చెబుతాం. అంతకు మించి భయపడాల్సింది లేదు. ఇది సీటీకి ఎక్కించే రంగు మందు కూడా కాదు, కిడ్నీ మీద భారం వేయదు.

ఇంకొకటి, భర్త మనసులో ఉన్నా ఆలస్యంగా బయటపెట్టింది: ఎ.కొండూరు తండాల్లో వచ్చే కిడ్నీ జబ్బు లాంటిదేనా ఇది, డయాలసిస్ దాకా పోతుందా అని. ఎన్టీఆర్ జిల్లాలో ఆ మాట అందరి చెవినా పడింది, భయం సహజం. ఆ జబ్బులో రెండు కిడ్నీలూ లోపలి నుంచి నెమ్మదిగా దెబ్బతింటాయి, ఉబ్బవు, రాయి ఉండాల్సిన పని లేదు. ఈమెది దారి మూసుకుపోయిన కిడ్నీ, రెండోది ఆరోగ్యంగా ఉంది. రెండింటికీ పోలిక లేదని వివరంగా చెప్పాక ఆయన ముఖంలో బరువు దిగింది.

స్కాన్‌కు పంపే డాక్టర్లకు నా మనవి ఒకటుంది. రిక్వెస్టులో "రీనల్ స్కాన్" అని రెండు మాటలు రాసి వదిలేయకండి. ట్యూబు ఉందా, స్టెంట్ ఉందా, జ్వరం తగ్గి ఎన్నాళ్లయింది, క్రియాటినిన్ ఎంత, అడుగుతున్నది పనితనం గురించా, అడ్డం గురించా అన్నది రాయండి. మందు, లాసిక్స్ ఇచ్చే సమయం, బొమ్మలు తీసే తీరు అన్నీ ఆ రెండు వాక్యాలను బట్టి మారతాయి.

ప్రస్తుతం

నొప్పి లేదు. క్రియాటినిన్ 0.9 దగ్గరే ఉంది. నొప్పి బిళ్లలు సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దని గట్టిగా చెప్పాం. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి, పనికి వెళ్లిన రోజు కూడా. ఆమెతో పనిచేసే ఆడవాళ్లు కలిసి మేస్త్రీని అడిగితే, దగ్గర్లో ఉన్న ఒక ఇంట్లో బాత్‌రూమ్ వాడుకునే ఏర్పాటు చేశాడట. ఆరు నెలలకు అల్ట్రాసౌండ్, ఏడాదికి మళ్లీ ఈసీ స్కాన్ రాశాను. అప్పుడు ఎడమ వాటా 29 నుంచి ఐదు శాతానికి మించి పడిపోయినా, నడిచి వచ్చాక తీసే బొమ్మలో మందు నిలిచిపోయినా, మూత్రనాళం రాయి ఇరుక్కున్న చోట సన్నబడిందేమోనని యూరాలజిస్టు లోపలికి చూడాలి. ఆ మాట రిపోర్టు చివర రాసి, ఆమె ఫైల్‌లో పెట్టించాను.